జర్మనీ టీచర్లకు మదనపల్లె పాఠం

మదనపల్లె దాటి రిషి వ్యాలీ వైపు వెళ్తుంటే దారి పొడవునా టమాటా తోటలు, రాళ్లగుట్టలు. లోయలోకి రాగానే కనిపించే, జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన రెసిడెన్షియల్ స్కూలు అందరికీ తెలిసిందే. నేను వెళ్లింది దాన్ని ఆనుకుని పెరిగిన గ్రామీణ విద్యా కేంద్రం ‘రివర్’ను, అది నడిపే పల్లెబడులను చూడ్డానికి. అంతర్జాతీయ విద్యారంగంలో పనిచేయాలనుకునే యువతకు చూపించదగ్గ చోటేదని ఎవరడిగినా ఇకమీదట ముందుగా దీని పేరే చెబుతాను.

బడంటే ఒకే గది, ఒకే టీచరు. వేర్వేరు తరగతుల పిల్లలంతా అందులోనే చాపల మీద గుంపులు గుంపులుగా కూర్చున్నారు. గోడ మీద నిచ్చెనలాంటి పెద్ద పటం ఉంది. దాని ఒక్కో మెట్టుకూ ఒక బొమ్మ, ఒక అంకె. వచ్చిన పిల్ల తన మెట్టు ఎక్కడుందో చూసుకుని, ఆ బొమ్మ ఉన్న అరలోంచి కార్డు తీసుకుంటుంది. ఎవరితో కూర్చోవాలో కూడా ఆ బొమ్మను బట్టే తెలుస్తుంది. కొత్త పాఠమైతే టీచరు దగ్గరికి, సాధనైతే తోటి పిల్లల దగ్గరికి వెళ్తుంది. పరీక్ష కూడా ఈ నిచ్చెనలో ఒక మెట్టే. అందులో తడబడితే అదే పాఠాన్ని మరోలా నేర్పే కార్డు ఉంటుంది, గట్టెక్కితే పైమెట్టు.

ఒక గుంపులో, పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని, జర్మనీ నుంచి వచ్చిన యువతి కూర్చుంది. అక్కడి యూనివర్సిటీలో టీచరు కోర్సు చదువుతోంది. లెక్కల కార్డు చేతికి తీసుకుని చింతగింజలను తనకు తోచినట్టు పేర్చబోయింది. పక్కనున్న ఎనిమిదేళ్ల పాప ఆమె చేయి పట్టుకుని ఆపింది. “అట్ల కాదక్కా, ముందు బొమ్మ చూడు” అంటూ గింజల్ని ఐదేసి చొప్పున కుప్పలు పెట్టి, మిగిలిన రెంటినీ పక్కకు జరిపింది. ఆ యువతి కుప్పలన్నీ కలిపేసి, తానే మొదటి నుంచీ మళ్లీ పేర్చింది. అప్పటిదాకా పాప తన కార్డు ముట్టలేదు.

ఈ పద్ధతి పుట్టింది మన పల్లెల కష్టంలోంచే. ఒకే టీచరు ఐదు తరగతులు చూసుకోవాలి. వేరుశనగ కోతలొస్తే పిల్లలు చేలకు పోతారు, మేకలు కాసే రోజున బడికి రారు. పుస్తకం పట్టుకుని పాఠం నడిపితే, వారం తర్వాత తిరిగొచ్చిన పిల్లవాడికి ఏదీ అందదు. నిచ్చెన ఉన్న బడిలో అతను వదిలిన మెట్టు అతనికోసం ఆగే ఉంటుంది. రివర్‌కు చెందిన పద్మనాభరావు, రమ దంపతులు ఇక్కడి పల్లెబడుల్లోనే ఉంటూ, పిల్లల మధ్యే పరీక్షించుకుంటూ ఈ కార్డులకు రూపమిచ్చారు.

1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె ప్రాంతపు ఉపాధ్యాయులు ఇక్కడికి వచ్చి చూశారు. వెనక్కి వెళ్లి కన్నడంలో సొంతంగా కార్డులు తయారుచేసుకున్నారు. కర్ణాటక బడుల్లోని ‘నలి-కలి’ బోధనా పద్ధతికి అదే మొదలు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఇదే దారి పట్టాయి, కొన్నేళ్లకు తమిళనాడంతా పాకింది. జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్, వ్యుర్జ్‌బుర్గ్ విశ్వవిద్యాలయాలకూ రివర్‌తో అనుబంధం ఏర్పడింది. వేర్వేరు వయసుల, వేర్వేరు శక్తుల పిల్లల్ని ఒకే గదిలో చదివించాల్సిన అవసరం అక్కడా ఉంది మరి.

చదువు కోసం సముద్రాలు దాటి రావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ఒకప్పుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న జేమ్స్ కజిన్స్ ఐర్లాండ్ మనిషి.

అంతర్జాతీయ విద్యలో ఉద్యోగం అంటే మన ఇళ్లలో వీసా కన్సల్టెన్సీ దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. పాఠ్యసామగ్రి రూపొందించేవాళ్లు, టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు, విద్యార్థుల రాకపోకలు చూసుకునేవాళ్లు, ఒక పద్ధతి పిల్లలకు నిజంగా ఉపయోగపడిందో లేదో లెక్కతేల్చేవాళ్లు, వీళ్లందరికీ ఈ రంగంలో పని ఉంది. ఎం.ఏ. ఎడ్యుకేషన్ చదవాలనుకుంటే హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్), బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఉన్నాయి. కానీ ఆ పట్టా ఎంత పెద్దదైనా, పరాయి ఊరి బడిలో కింద కూర్చుని పిల్లల దగ్గర నేర్చుకోని మనిషి ఆ ఊరికి మేలు చేయలేడని నా నమ్మకం. హెచ్.డి.కోటె టీచర్లు కార్డుల్ని నకలు చేసుకుని పోలేదు, ఆలోచనను పట్టుకుపోయారు. చాపమీద కూర్చుని చూశారు కనుకే అది సాధ్యమైంది.

మన బీఈడీ 2015 నుంచి రెండేళ్లయింది, బడిలో ఇంటర్న్‌షిప్ వారాలూ పెరిగాయి. ఆ వారాల్లో కొన్నింటినైనా సొంత ఊరికి దూరంగా గడిపేలా మన విశ్వవిద్యాలయాలు ఏర్పాటు చేయాలి. గుంటూరు అమ్మాయి పాడేరు గిరిజన బడిలో, వరంగల్ అబ్బాయి ఒడిశా బడిలో నెలరోజులు ఉండి రావాలి. జర్మనీ తన టీచర్లను మన పల్లెకు పంపగలిగినప్పుడు, మన టీచర్లను మన పక్క జిల్లాకో పక్క రాష్ట్రానికో పంపడం మన చేతకాని పనేమీ కాదు.