పోర్ట్‌ఫోలియోలో మిర్చి యార్డు

2013 ఫిబ్రవరి 25, సోమవారం పొద్దున. హైదరాబాద్‌లో నేను పనిచేసే స్టూడియో క్యాంటీన్‌లో టీవీ ముందు నిలబడటానికి చోటు లేదు. నైట్ షిఫ్టు దిగినవాళ్లు ఇళ్లకు పోలేదు, పొద్దుటి షిఫ్టువాళ్లు సీట్లలోకి వెళ్లలేదు. అమెరికాలో ఆస్కార్ వేడుక జరుగుతోంది. 'లైఫ్ ఆఫ్ పై'కి విజువల్ ఎఫెక్ట్స్ అవార్డు ఖాయమని అందరికీ నమ్మకం. ఆ సినిమాలోని పులికి ప్రాణం పోసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో నా సీనియర్లు కొందరు అందులో ఉన్నారు. సినిమా పేరు వినపడగానే క్యాంటీన్ ఈలలతో మోతెక్కింది. బిల్ వెస్టెన్‌హోఫర్ వేదికెక్కి అందరికీ ధన్యవాదాలు చెప్పారు. తమ కంపెనీ ఆర్థిక ఇబ్బందుల్లో ఉందన్న మాట ఎత్తేసరికి 'జాస్' సినిమాలో సొరచేప వచ్చేటప్పటి సంగీతం మొదలైంది, మైకు ఆగిపోయింది. ఆ కంపెనీ అదే నెలలో దివాలా పిటిషన్ వేసింది. మా ఈలలు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు. నా పక్కన నిలబడ్డ కంపోజిటింగ్ అన్న టీ గ్లాసు పట్టుకుని టీవీ వంకే చూస్తున్నాడు. ఆయన భార్య ఆ శాఖలోనే పనిచేస్తోంది.

మధ్యాహ్నానికి ఫేస్‌బుక్‌లో తెలిసినవాళ్ల ఫొటోలన్నీ మాయమై వాటి చోట ఆకుపచ్చ చతురస్రాలు వెలిశాయి. ఎఫెక్ట్స్ తీసేస్తే సినిమాలో మిగిలేది ఈ పచ్చ తెరే అని చెప్పడం. నేనూ నా ఫొటో మార్చాను. మార్చి, మళ్లీ నా షాటు ముందు కూర్చున్నాను.

నాది రోటో పని. నటుడి ఒంటి అంచు వెంట ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి అతన్ని వెనక దృశ్యం నుంచి విడదీయాలి. సెకనుకి 24 ఫ్రేములు, అయిదు సెకన్ల షాటుకి 120. గాలికి ఎగిరే జుట్టు ఉంటే ఆ వారం గడిచిపోయినట్టే. మాక్స్ ఫ్లైషర్ రోటోస్కోప్ పేటెంటు పొందింది 1917లో. ఆయన ఆ పరికరాన్ని కార్టూన్ బొమ్మ మనిషిలా కదలాలని కనిపెట్టారు. ఆ పనిలో ఓర్పు ఉంది, నేర్పు ఉంది, దాన్ని నేను ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. కానీ ఆ షాటు ఎందుకుందో, ముందు ఏముందో, వెనక ఏమొస్తుందో మాకు చెప్పేవాళ్లు లేరు. ఆస్కార్ తెచ్చిన పనే కంపెనీని నిలబెట్టలేకపోతే, ఆ పనిలో ఒక ముక్క మాత్రమే తెలిసిన నేను ఎక్కడ నిలబడతాను? కథ నుంచి తెర దాకా అంతా తెలిసిన మనిషిని కావాలి. అందుకు మాస్టర్స్ చదవాలి. ఆ వారమే నిశ్చయించుకున్నాను.

మా ఇల్లు గుంటూరు. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. పై చదువు అంటే మా బంధువుల్లో ఒక్కటే దారి: అమెరికా, ఎమ్మెస్. మా పెదనాన్నగారి అబ్బాయి అప్పటికే టెక్సాస్‌లో ఉన్నాడు, లోను తీరుస్తున్నాడు. సరే, నేనూ అటే చూశాను. నాకు నచ్చింది కాలిఫోర్నియాలోని కాల్ ఆర్ట్స్. వాల్ట్ డిస్నీ పూనికతో 1961లో ఏర్పడిన సంస్థ అది. ఫీజు ఒక్కటే అప్పట్లో ఏడాదికి దాదాపు 40 వేల డాలర్లు. తిండి, అద్దె వేరు. ఆ అప్పు పుట్టాలంటే ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాలి. చదువయ్యాక పని చేసుకోవడానికి అప్పట్లో ఫైన్ ఆర్ట్స్ వాళ్లకు ఏడాది గడువు ఉండేది, ఇంజనీర్లకయితే ఆ పైన ఇంకో 17 నెలలు. అన్నయ్య ఫోన్లో ఇదంతా విడమరిచి చెప్పాడు. "రావద్దనడం లేదమ్మాయ్. లెక్క వేసుకుని రా" అన్నాడు. లెక్క వేసుకుంటూ ఉండగానే రూపాయి పడిపోయింది. ఏడాది మొదట్లో 55 రూపాయలకు అటూ ఇటూగా ఉన్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది. ఆ సాయంత్రం నాన్న టీవీ కట్టేసి నా వంక చూశారు. మాటలు అవసరం లేకపోయాయి. అమెరికా కాలేజీల వివరాలు రాసుకున్న కాగితం చింపేశాను.

మిగిలినవి మన దేశంలోని దారులు. కోచింగ్ సెంటర్ల కరపత్రాలు ఎక్కడ చూసినా ఉండేవి, ఫలానా సాఫ్ట్‌వేర్ నేర్పుతాం, ఉద్యోగం గ్యారంటీ అని. ఆ దారిలో డబ్బు పోసి వచ్చినవాళ్లు నా పక్క సీట్లలోనే ఉన్నారు. సాఫ్ట్‌వేర్ కోసం మాస్టర్స్ చదవకూడదు. అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పుడు అడిగేవాళ్లకీ అదే చెబుతాను. సాఫ్ట్‌వేర్ మూడేళ్లకోసారి మారుతుంది, దాన్ని పనిలో నేర్చుకోవచ్చు. రెండేళ్లు జీతం వదులుకుని కూర్చునేది పనిలో దొరకని దాని కోసం. చూడటం, ఆలోచించడం, మొదటి నుంచి చివరి దాకా ఒక సినిమా తానే చేయడం.

అలా రెండు పేర్లు మిగిలాయి. ఒకటి 1961లో పెట్టిన అహ్మదాబాద్ డిజైన్ సంస్థ ఎన్ఐడీ. ఇషూ పటేల్ చదివిన చోటు. ఆయన కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో చేరి 1977లో పూసలను ఒక్కొక్కటిగా జరుపుతూ 'బీడ్ గేమ్' తీశారు. ఆ బోర్డు తన సినిమాలను నెట్‌లో ఉచితంగా పెట్టింది గనక హాస్టల్ గదిలో రాత్రుళ్లు అది చూసేదాన్ని. రెండోది బొంబాయి ఐఐటీలోని డిజైన్ విభాగం ఐడీసీ, 1969 నాటిది. అక్కడ పాఠం చెప్పే శిల్పా రనడే పూర్తి నిడివి యానిమేషన్ సినిమా 'గూపీ గవైయా బాఘా బజైయా' తీశారనీ, అది 2013లో టొరంటో ఉత్సవానికి వెళ్లిందనీ చదివాను. సినిమా తీస్తున్న మనిషి దగ్గర చదువుకోవచ్చు! అది నన్ను గట్టిగా పట్టుకుంది.

నాన్నను పట్టుకున్న సంగతి వేరు. ఎన్ఐడీ అప్పటికి ఇచ్చేది డిగ్రీ కాదు, పీజీ డిప్లొమా. ఆ సంస్థకు డిగ్రీలిచ్చే అధికారం తెచ్చిన చట్టం 2014లో గానీ రాలేదు. "డిగ్రీ అయినదానివి, రెండున్నరేళ్లు కూర్చుని డిప్లొమా తెచ్చుకుంటావా అమ్మా?" అన్నారు. ఆ డిప్లొమాకి ఉన్న విలువ వేరని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. ఐడీసీ అయితే రెండేళ్లు, మాస్టర్ ఆఫ్ డిజైన్, పైగా ఐఐటీ. గుంటూరులో ఐఐటీ అన్నాక ఇంకో మాట ఉండదు.

ఐడీసీకి దారి సీడ్ అనే ప్రవేశ పరీక్ష. ఒక భాగం కంప్యూటర్ మీద, రెండో భాగం కాగితం మీద బొమ్మలు వేయడం. దాటితే ఇంటర్వ్యూ, పోర్ట్‌ఫోలియో. నా దగ్గర షో రీల్ ఉంది, అందులో మెరిసేవన్నీ ఇంకొకరి సినిమాలు. ఫలానా నటి జుట్టు అంచు గీసింది నేను అని చూపిస్తే వాళ్లకు నా గురించి ఏం తెలుస్తుంది? అదే సమయంలో ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ రాసిన 1981 నాటి డిస్నీ పుస్తకం మా లీడ్ దగ్గర దొరికింది. అందులో సగం నిండిన పిండి బస్తాతో ఒక అభ్యాసం ఉంది. కళ్లు లేవు, నోరు లేదు. వంగినా సాగినా బస్తాకి సంతోషమో దిగులో ఉన్నట్టు కనపడాలి. అది చదువుతుంటే నాకు పుట్టినప్పటి నుంచి చూస్తున్న బస్తాలు గుర్తొచ్చాయి.

సెలవు దొరికితే చాలు, స్కెచ్ బుక్ పట్టుకుని గుంటూరు బస్సెక్కేదాన్ని. సీజన్లో యార్డు లోపలికి అడుగు పెడితే ముందు తుమ్ములు, తర్వాత కళ్ల నీళ్లు. ముక్కుకి చున్నీ కట్టుకుని టిక్కీల వరసల మధ్య ఓ పక్కన నిలబడి గీసేదాన్ని. మిర్చి నింపిన గోతాన్ని అక్కడ టిక్కీ అంటారు. నలభై కేజీల పైన ఉంటుంది. ఇద్దరు హమాలీలు చెరో వైపు మూలలు పట్టి ఒక ఊపు ఊపుతారు. మూడో ఆయన అప్పటికే నడుము వంచి, తుండుగుడ్డ మెడ మీదకి లాక్కుని సిద్ధంగా ఉంటాడు. టిక్కీ వీపు మీద పడ్డ క్షణాన మోకాళ్లు ఒక జానెడు దిగి మళ్లీ లేస్తాయి. మొదటి అడుగు పొట్టిది, రెండోది కాస్త పక్కకి, నాలుగో అడుగుకి గానీ నడక ఒక దారిన పడదు. ఆంటిసిపేషన్, ఫాలో త్రూ అని కాలేజీలో బట్టీపట్టిన యానిమేషన్ సూత్రాలన్నీ నా ముందు చెమటలు కారుస్తూ నడిచిపోయేవి.

ఒక మధ్యాహ్నం నాన్న కొట్టులోంచి బయటికొచ్చి నా పుస్తకం తీసుకున్నారు. ఒక్కో పేజీ ఆగి ఆగి చూశారు. "ఇది బియ్యం బస్తా మోసే నడకమ్మా" అన్నారు. "టిక్కీకి బరువు కంటే బారు ఎక్కువ. మెడ పక్కకి తిప్పుకోకపోతే వాడికి దారి కనపడదు. నువ్వు వేసినవాడు ఎదురుగా చూస్తన్నాడు, అడుగుకొకణ్ణి గుద్దుకుంటాడు." అటుగా పోతున్న ఒక పెద్ద హమాలీని కేకేసి, "బాబాయ్, ఓ చిటం ఆగు, మా అమ్మాయికి మెడ చూపించు" అన్నారు. ఆయన టిక్కీ దించకుండానే నవ్వుతూ నిలబడ్డాడు. మెడ నరం ఒక వైపు తాడులా ఉబ్బి ఉంది, రెండో చెవి గోనెకి నొక్కుకుపోయింది. గబగబా గీసుకుని దణ్ణం పెట్టాను. నలభై ఏళ్లుగా యార్డుని చూస్తున్న కంటి ముందు నా డిగ్రీ ఏపాటిది! ఆ రోజు నుంచి గీసిన ప్రతి పేజీ ముందు నాన్నకి చూపించాను. యానిమేషన్ అంటే ఏమిటో ఆయనకీ, కదలిక అంటే ఏమిటో నాకూ అలా తెలిసింది.

సీడ్ పరీక్ష గడిచింది. 2014 వేసవిలో పవాయిలోని ఐడీసీలో ఇంటర్వ్యూ. షో రీల్ కాసేపు చూసి ఆపేశారు. స్కెచ్ బుక్ మాత్రం బల్ల మీద చేతులు మారుతూ చాలాసేపు ఉంది. ఎత్తేటప్పటి బొమ్మలున్నాయి సరే, దించేటప్పుడు ఏమవుతుంది అని అడిగారొకరు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మాటలు చాలక లేచి నిలబడ్డాను. వీపు మీద టిక్కీ ఉన్నట్టు వంగి, భుజం ఒకటి ముందు వదిలి, బస్తా జారిపోగానే ఒళ్లు తేలిపోయి రెండడుగులు ముందుకి పడటం చేసి చూపించాను. చివరి అడుగు మళ్లీ చేయమన్నారు. చేశాను. ఆ గదిలో అడిగినవన్నీ నేను చూసిన సంగతులే. కళ్లతో చూసింది ఉంటే జవాబుకి వెతుక్కోనక్కర్లేదు.

సీటు వచ్చింది. ఆ జూన్‌లోనే రాష్ట్రం రెండయింది, స్టూడియోలోనూ ఇంట్లోనూ వేరే మాట లేదు. నేను దాచిన జీతం మొదటి ఏడాదికి సరిపోతుంది. మిగతాదానికి విద్యా రుణం. అప్పట్లో నాలుగు లక్షల లోపయితే తాకట్టు అక్కర్లేదు, తల్లో తండ్రో కలిసి సంతకం చేస్తే చాలు. నేనూ నాన్నా బ్యాంకుకి వెళ్లాం. మేనేజరుగారు కాగితాలు తిరగేసి, ఐఐటీ అన్నచోట ఆగి, యానిమేషన్ అన్నచోట ఇంకాసేపు ఆగారు. "కార్టూన్లాండీ? ఉద్యోగాలుంటాయా వీటికి?" అని నాన్ననే అడిగారు.

నేను నోరు తెరిచేలోపు నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నారు. సెకనుకి 24 బొమ్మలనీ, ఇప్పటిదాకా అమ్మాయి ఇంకొకళ్ల బొమ్మల అంచులు గీసిందనీ, ఇక మీదట సొంతంగా సినిమా తీయడం నేర్చుకోబోతోందనీ చెప్పారు. స్టూడియోలు మూతబడ్డా పని తెలిసిన మనిషి నిలబడతారని చెప్పారు. మేనేజరుగారు ఇంకేదో అడిగితే నా చేతిలోంచి స్కెచ్ బుక్ తీసుకుని ఆయన ముందు తెరిచి, మెడ పక్కకి తిప్పిన హమాలీ బొమ్మ మీద వేలు పెట్టి, టిక్కీ మోసేవాడి మెడ అలాగే ఎందుకుండాలో మొదలుపెట్టారు. బయట క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటున్నా ఆపలేదు. వారం తిరక్కుండా లోను మంజూరయింది. స్టూడియోలో రాజీనామా ఇచ్చి, జూలైలో పవాయిలో చేరాను.