దసరా నుంచి దీపావళి దాకా దెయ్యాల సినిమాలు

2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి. అక్టోబరు 31, గురువారం. పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? దసరా సెలవులు ఇవ్వకముందే మా ఆరో తరగతి వాళ్లు "మిస్, హాలోవీన్‌కి ఏ సినిమా చూడాలి?" అని మొదలుపెట్టారు. ఆ వారమే పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లిగారు, "మేడమ్, మా వాడు ఫోన్‌లో దెయ్యాల వీడియోలు చూసి రాత్రిపూట బాత్రూమ్‌కి ఒక్కడే వెళ్లడం మానేశాడు. ఇవన్నీ పూర్తిగా మాన్పించేయమంటారా?" అని అడిగారు. పక్కనే కూర్చున్న ఒక తండ్రిగారు నవ్వి, "చూస్తేనే ధైర్యం వస్తుందండీ. మా చిన్నప్పుడు మేం చూడలేదా?" అన్నారు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఈసారి నేనే పిల్లలతో కూర్చుని చూద్దామనుకున్నాను. గవర్నర్‌పేటలో మా అక్కా వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే నేనూ ఉంటున్నాను. అక్క కొడుకు నాలుగో తరగతి. అపార్ట్‌మెంట్ పిల్లలు మరో నలుగురైదుగురు సాయంత్రమైతే మా హాల్లోనే ఉంటారు. దసరా సెలవుల నుంచి దీపావళి దాకా వారానికో సినిమా అని లెక్క పెట్టుకున్నాం. షరతులు మూడే. ఒంటరిగా ఎవరూ చూడకూడదు. ఎవరు ఆపమన్నా సినిమా ఆపాలి. అలా ఆపమన్నవాళ్లను మర్నాడు ఎవరూ ఏడిపించకూడదు.

మొదటి రోజే మా అక్క అత్తగారు అడ్డం తగిలారు. "నవరాత్రుల్లో దెయ్యాల సినిమాలేమిటమ్మాయ్? కొండ మీద అమ్మవారి అలంకారాలు టీవీలో పెట్టుకోక!" అన్నారు. "అత్తయ్యగారూ, మొదటి సినిమా మాయాబజార్ అండీ" అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నారు.

మాయాబజార్ వచ్చింది 1957లో. కె.వి.రెడ్డి గారి దర్శకత్వం, ఎస్.వి.రంగారావు గారి ఘటోత్కచుడు. రాక్షసుడంటే కోరలు, పెద్ద గొంతు, గద అన్నీ ఉన్నాయి. అయినా మూడేళ్ల పాప కూడా భయపడలేదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంటే పిల్లలు పడీ పడీ నవ్వారు. అత్తయ్యగారు ప్రతి డైలాగూ ఒక క్షణం ముందే చెప్పేస్తూ వచ్చారు. భయపెట్టే ఆకారాన్ని మంచివాడిగా, చుట్టంగా చూపించడం మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

ఆ మాటకొస్తే హాలోవీన్ కూడా మనం అనుకున్నంత దూరపు విషయం కాదు. ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల్లో పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే వేళ, పోయినవాళ్ల ఆత్మలు తిరుగుతాయని నమ్మి చేసుకున్న పాత పండుగ అది. అక్కడ టర్నిప్ దుంపల్ని తొలిచి దీపం పెట్టేవారు. వలస వెళ్లినవాళ్లు దాన్ని అమెరికా తీసుకెళితే అక్కడ గుమ్మడికాయ సులువుగా దొరికింది. మన కొత్త ఇళ్ల ముందు దిష్టికి వేలాడే బూడిద గుమ్మడికాయ, కోరలతో నాలుక చాపిన రాక్షసి బొమ్మ గుర్తొచ్చాయి కదూ? పిల్లలకూ అవే గుర్తొచ్చాయి. నరక చతుర్దశికి తగలబెట్టే నరకాసురుడి బొమ్మ సంగతి సరేసరి.

రెండో వారం హోటల్ ట్రాన్సిల్వేనియా. 2012లో వచ్చిన యానిమేషన్ సినిమా. డ్రాక్యులాకు ఒక కూతురు. ఆమెను బయటి మనుషుల నుంచి కాపాడాలని, వాళ్లంటేనే భయం పుట్టేలా పెంచుతాడు. పిల్లలు దెయ్యాల అల్లరి చూసి నవ్వుతున్నారు కానీ, వెనక సోఫాలో ఉన్న అక్క, బావగారు మాత్రం కాస్త ఆలోచనలో పడ్డారు. అమ్మాయిని కాలనీ చివరిదాకా కూడా ఒంటరిగా పంపని ఇళ్లు మనలో ఎన్ని లేవు?

మూడో వారం కోకో. 2017లో వచ్చిన ఈ సినిమాలో అన్నీ అస్థిపంజరాలే, అయినా ఎవరికీ భయం వేయలేదు. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో పోయిన పెద్దలను తలుచుకునే పండుగ కథ అది. ఫొటోలు పెట్టి, ఇష్టమైన వంటలు పెట్టి, బంతిపూలతో దారి వేస్తారు. "మనం మహాలయ అమావాస్యకి తాతయ్యకి పెట్టినట్టే కదా పిన్నీ?" అన్నాడు అక్క కొడుకు. అవునన్నాను. మనం దసరాకి గుమ్మాలకు కట్టే బంతి అసలు మెక్సికో వైపు నుంచి ప్రపంచమంతా పాకిన మొక్కే అని చెప్పాను. ఆ రాత్రి వాడు తాతయ్య ఫొటో ముందు కాసేపు నిలబడి, ఆయన గురించి వాళ్ల నాన్నను ఏవేవో అడిగాడు. తాతయ్య పోయి రెండేళ్లయింది. ఆ ఇంట్లో ఆయన మాట అంతసేపు నడవడం నేను చూడటం అదే మొదలు.

నాలుగో వారం పెద్ద పిల్లలతో మాత్రమే చంద్రముఖి. మలయాళంలో 1993లో వచ్చిన మణిచిత్రతాళు నుంచి పుట్టిన కథ అది. 2005లో రజనీకాంత్, జ్యోతిక నటించిన తమిళ సినిమా తెలుగులోనూ వచ్చింది. హిందీలో భూల్ భులయ్యాగా తీశారు. ఇందులో మంచి విషయమేమిటంటే, దెయ్యం అనుకున్నది చివరికి ఒక మనిషి మనసుకు కలిగిన జబ్బు. ఆమెను భూతవైద్యుడికి వదిలేయకుండా ఒక సైకియాట్రిస్టు అర్థం చేసుకుంటాడు. సినిమాలో చూపినంత నాటకీయంగా వైద్యం జరగదని పిల్లలకు చెప్పాను. కానీ "మనసుకు కూడా డాక్టర్ ఉంటారు" అన్న మాట ఏడో తరగతి పిల్లల నోట వినడం నాకు బాగా నచ్చింది.

అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ నాలుగో వారమే.

మా పై అంతస్తులో ఉంటున్న ఒక పాప వరదల తర్వాత తల్లితో కలిసి అమ్మమ్మ గారింటికి వచ్చింది. వాళ్ల ఇల్లు సింగ్‌నగర్ వైపు. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఆ వైపు కాలనీలన్నీ మునిగినప్పుడు వాళ్ల గ్రౌండ్ ఫ్లోర్ పూర్తిగా నీళ్లలో ఉంది. ఆ రెండు రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లిందని మనమంతా వార్తల్లో చూశాం. మీలో చాలామంది ఇంట్లోనే చూశారు.

ఆ పాప చాలా ధైర్యస్థురాలు. చంద్రముఖిలో మిగతావాళ్లు దుప్పట్లో దూరుతుంటే తను పాప్‌కార్న్ తింటూ కూర్చుంది. ఇంతలో బయట ఉరిమింది. వాన మొదలైంది. తను లేచి బాల్కనీలోకి వెళ్లి కిందకు చూస్తూ నిలబడిపోయింది. పిలిచినా రాలేదు. దగ్గరికి వెళితే మెల్లగా అడిగింది: "అక్కా, సెల్లార్‌లోకి నీళ్లొస్తాయా?"

"ఏమీ రావులే" అనేయడం సులువు. అలా అనలేదు. సినిమా ఆపి, టార్చ్ తీసుకుని ఇద్దరం సెల్లార్‌లోకి దిగాం. బండ్లు ఉన్నాయి, నేల పొడిగా ఉంది. కాలవ ఎటు పోతుందో, మోటార్ ఎక్కడుందో వాచ్‌మన్ గారు చూపించారు. మెట్ల మీద కూర్చుని తను మొదటిసారి ఆ రోజు గురించి చెప్పింది. తాతయ్యను కుర్చీతో సహా పైకి మోశారట. స్కూల్ బ్యాగ్ బీరువా మీద పెట్టిందట, బీరువానే పడిపోయిందట. డాబా మీదకి డ్రోన్ ఆహారం పొట్లాలు తెస్తే చప్పట్లు కొట్టారట. రాత్రి చీకట్లో నీళ్ల చప్పుడు వినిపిస్తుంటే మాత్రం చెవులు మూసుకుందట. "అమ్మకి చెప్పలేదు, అమ్మ ఏడుస్తుందని" అంది.

మర్నాడు వాళ్లమ్మగారితో మాట్లాడాను. "అన్నీ మర్చిపోయింది, హాయిగా ఆడుకుంటోంది అనుకున్నానండీ" అన్నారావిడ. ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది. ఇప్పటికీ వాన పడితే ఆ పాప ఒకసారి కిందకు చూస్తుంది. కాకపోతే ఒంటరిగా చూడదు, అమ్మను పిలిచి చూస్తుంది.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడది దివిసీమ. పొలాల్లో కొరివి దెయ్యాలు, చింతచెట్టు మీద దెయ్యం అంటూ మమ్మల్ని భయపెడుతూ తను నవ్వేది. కానీ 1977 నవంబరు 19 ఉప్పెన గురించి అడిగితే "ఆ సంగతి ఇప్పుడెందుకే" అని లేచి వెళ్లిపోయేది. దెయ్యాల కథలో భయం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో చెప్పేవాళ్ల చేతుల్లో ఉంటుంది. నిజం భయానికి ఆ వీలు లేదు. అందుకే దాన్ని పిల్లలు లోపలే దాచుకుంటారు, పెద్దవాళ్లూ దాచుకుంటారు.

బీఎడ్‌లో పియాజే గురించి చదివినప్పుడు, దాదాపు ఏడేళ్ల దాకా పిల్లలు కంటికి కనిపించిన దాన్ని బట్టే ఆలోచిస్తారని చదువుకున్నాం. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోన్ కాంటర్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి పిల్లలు, టీవీ, భయం అన్న అంశం మీదే పరిశోధించి 1998లో తల్లిదండ్రుల కోసం ఒక పుస్తకం కూడా రాశారు. ఆమె చెప్పేదీ ఇదే. చిన్నపిల్లలు ఆకారాన్ని చూసి భయపడతారు. పాత హల్క్ సీరియల్లో హీరో మంచివాడే అయినా, అతను పచ్చటి భారీ మనిషిగా మారే సీనుకే చిన్నవాళ్లు హడలిపోయారు. ఎనిమిదేళ్లు దాటినవాళ్లను నిజంగా జరగగలిగేవి ఎక్కువ భయపెడతాయి: దొంగలు, ప్రమాదాలు, వరదలు, అమ్మానాన్నలకు ఏమైనా అవడం. మా హాల్లో నేను చూసింది సరిగ్గా అదే.

కాబట్టి ఆ తల్లిగారికీ, తండ్రిగారికీ నా జవాబు ఒకటే. చూడాలా వద్దా అన్నదానికంటే ఎవరితో చూస్తున్నారు, తర్వాత ఎవరితో మాట్లాడుతున్నారు అన్నది ముఖ్యం. మీటింగ్‌లో చెప్పిన ఆ బాబును భయపెట్టింది రెండు గంటల సినిమా కాదు. దుప్పటి కింద, హెడ్‌ఫోన్స్‌లో, ముందూ వెనకా కథ లేకుండా వచ్చిపడే అర నిమిషం వీడియోలు. సినిమాలో దెయ్యానికి ఒక కారణం ఉంటుంది, చివరికి ఒక ముగింపు ఉంటుంది. ఆ వీడియోల్లో అరుపు తప్ప ఏమీ ఉండదు.

ఇంట్లో పనికొచ్చే మాటలు కొన్ని:

సినిమా ముందు సర్టిఫికెట్ చూడండి. 2024 మార్చిలో వచ్చిన సెన్సార్ నిబంధనలు యు/ఏ ను 7+, 13+, 16+ అని మూడుగా విడదీశాయి. ఓటీటీల్లో ఈ విభజన 2021 నిబంధనల నుంచే ఉంది. 13+, ఆపై వాటికి పేరెంటల్ లాక్ పెట్టుకునే వీలు కూడా ఉంటుంది. పది నిమిషాల పని, ఈ ఆదివారమే చేయండి.

యానిమేషన్ అనగానే చిన్నపిల్లలదే అనుకోకండి. కోరలైన్ బొమ్మల సినిమానే అయినా, కళ్లకు బదులు గుండీలు ఉన్న తల్లి చాలామంది చిన్నవాళ్లకు నిద్ర లేకుండా చేస్తుంది. మీరు ముందు కాస్త చూసి అప్పుడు పెట్టండి.

ఏడేళ్లలోపు పిల్లలు భయపడితే వివరణలు పెద్దగా పనిచేయవు. ఒళ్లో కూర్చోబెట్టుకోండి, మంచినీళ్లు ఇవ్వండి, లైటు వేయండి. పెద్దవాళ్లకైతే మేకప్ ఎలా వేస్తారో, గ్రాఫిక్స్ ఎలా చేస్తారో చూపించండి. భయం కాస్తా ఆసక్తిగా మారుతుంది.

"మగపిల్లాడివి, భయమేంటి?" అనకండి. ఆ మాట విన్న పిల్లవాడు భయపడటం మానడు, చెప్పడం మానేస్తాడు.

సినిమా అయ్యాక, వీలైతే మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర, ఒక్క ప్రశ్న అడగండి: "నీకు నిజంగా ఎక్కడ భయం వేసింది?" జవాబు సినిమాలో లేని విషయం కావచ్చు. వరద కావచ్చు, పరీక్ష కావచ్చు, స్కూల్ వ్యాన్‌లో ఎవరో అన్న మాట కావచ్చు. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి చివరిదాకా వినండి. క్లాస్‌లో మేం గమనించాల్సింది ఏదైనా ఉందనిపిస్తే డైరీలో ఒక లైను రాసి పంపండి. మిగతాది మేం చూసుకుంటాం.