మెయిన్ వైరుకి వేసిన గాజు

ఆఫీసులో టీ దగ్గర ప్రైవసీ మాట వస్తే ఎవరో ఒకరు తప్పకుండా ఫోన్ కథే చెప్తారు. ఇంట్లో కుక్కర్ గురించి మాట్లాడుకుంటే సాయంత్రానికల్లా కుక్కర్ యాడ్ వచ్చిందట. అది నిజమో కాదో పక్కన పెడితే, ఆ కథ వల్ల మనకో అలవాటైపోయింది: మాట్లాడేదీ, టైప్ చేసేదీ మాత్రమే దాచుకోవాల్సినవని అనుకోవడం. నోరు విప్పకుండానే ఇల్లు బోలెడు సంగతులు చెప్పేస్తుంటుంది. కరెంటు వైరు గుండా.

ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1980లలో ఎంఐటీలో జార్జ్ హార్ట్ అనే ఆయన, ఇంకొందరితో కలిసి, ఇంటి బయట మీటర్ దగ్గర కూర్చుని లోపల ఏ వస్తువు ఎప్పుడు ఆన్ అయిందో, ఎప్పుడు ఆగిందో చెప్పే పద్ధతి తయారుచేశాడు. ఇంట్లో అడుగు పెట్టక్కర్లేదు. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైతే వాడకం ఒక మెట్టు ఎక్కుతుంది, గీజర్ వేస్తే పెద్ద మెట్టు, ఆపితే అదే మెట్టు దిగుతుంది. ఆ మెట్లు లెక్కపెట్టుకుంటే చాలు. నాకు ఆయన నచ్చింది ఇందుకు కాదు. దీన్ని నిఘాకి కూడా వాడొచ్చు, జాగ్రత్త అని 1989లోనే ఆయనే ఒక వ్యాసం రాశాడు. సొంత సరుకు గురించి అలా రాసే ఇంజనీర్లు నాకు ఎక్కువమంది తగల్లేదు. (తర్వాత్తర్వాత ఆయన జామెట్రీ శిల్పాలు చేసుకుంటూ ఉండిపోయాడు. కొన్ని సోమవారాలు నాకూ ఆ దారే మంచిదనిపిస్తుంది.)

తణుకులో అమ్మావాళ్ల డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. కేంద్రం 2024లో తెచ్చిన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ. మిగతాది నేను పెట్టాను. మంచి ఎండ కాస్తే రోజుకి 12 యూనిట్ల దాకా వస్తుంది. ఇన్వర్టర్ కింద పెన్‌డ్రైవ్ లాంటి వైఫై ముక్క ఒకటి ఉంటుంది. అది అయిదు నిమిషాలకోసారి లెక్కలు ఎక్కడో ఉన్న సర్వర్‌కి పంపిస్తే, అక్కణ్నుంచి నా ఫోన్‌లోకి వస్తాయి. బిగించిన కుర్రాడు నాన్నగారికి గొప్పగా చెప్పాడట: "సార్, మీ అబ్బాయిగారు హైదరాబాద్‌లో కూర్చుని మీ ఇంట్లో ఏది ఎంత లాగుతుందో మొత్తం చూసుకోవచ్చు."

యాప్‌లో రెండు గీతలు. పసుపు గీత ఎండది. పొద్దున్నే లేచి, మధ్యాహ్నానికి కొండెక్కి, సాయంత్రం దిగిపోతుంది. నీలం గీత ఇంటిది. నాలుగున్నరకి చిన్న కదలిక, అంటే అమ్మ లేచింది. ఆరింటికి మోటారు. ఆరున్నరకి గీజర్. గీత చూస్తే ఆ ఇల్లు తెలియనివాడు కూడా చెప్పేస్తాడు, ఇక్కడ ఇద్దరున్నారు, పెద్దవాళ్లు, రాత్రి రెండుసార్లు ఎవరో ఒకరు లేస్తున్నారు అని.

రోహిణి కార్తె వచ్చింది. మధ్యాహ్నం పసుపు గీత రెండు కిలోవాట్లు దాటి ఉంటే, నీలం గీత నేలకి అంటుకుపోయి ఉంది. ఫ్రిజ్, ఫ్యాను, అంతే. ఉచితంగా వచ్చే కరెంటు అంతా బయటికి పోతోంది, వీళ్లేమో ఆ ఎండలో ఏసీ లేకుండా ఉన్నారు. అమ్మకి ఫోన్ చేశాను. కాసేపు అవీ ఇవీ చెప్పి, గొంతు తగ్గించింది.

"వేయనివ్వట్లేదురా మీ నాన్న. వాడు చూస్తుంటాడే, పొద్దస్తమానం ఏసీలో పడుకున్నారనుకుంటాడు అంటున్నారు."

నాకేం మాట్లాడాలో తోచలేదు. మధ్యాహ్నం ఏసీ వేసుకుంటారనేగా సోలార్ పెట్టించింది! ఆ రాత్రి నాన్నగారితో మాట్లాడితే ఆయన ఏసీ సంగతి ఎత్తనేలేదు. ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసిన మనిషి. "మా బ్రాంచిలో తండ్రి పాస్‌బుక్ కొడుకొచ్చి అడిగినా చూపించేవాళ్లం కాదురా" అన్నారు. అంతే, తర్వాత పిల్లల చదువుల మీదకి వెళ్లిపోయారు.

ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జిలు 2017లో ఒక్కమాటగా చెప్పారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఒక మినహాయింపు ఉంది: ఒక వ్యక్తి తన సొంత అవసరానికో, ఇంటి అవసరానికో వాడుకునే సమాచారానికి అది వర్తించదు. సబబే. ప్రతి ఇంటి గొడవకీ చట్టం ఎందుకు? కానీ మనలాంటి ఇళ్లలో పెద్దవాళ్లని చూసేది కంపెనీకన్నా ముందు మనమే. హాల్లో కెమెరా, అమ్మ చేతికి వాచీ, నాన్న ఫోన్‌లో లొకేషన్. వాటన్నిటికీ మనం పెట్టుకున్న పేరు బాధ్యత. అందులో నిజంగా బాధ్యత ఉంటుంది కూడా, నేను కాదనను. రాత్రి అడుగు తడబడితే ఎవరికో ఒకరికి తెలియాలి కదా. మరి ఏసీ ఎన్ని గంటలు నడిచిందో కూడా తెలియాలా?

దీనికి సమాధానం మెయిన్ బోర్డులో దొరికింది. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బ్యాటరీ లేని మామూలు ఇన్వర్టర్‌కి ఇంటి వాడకం తెలియనే తెలియదు. దానికి తెలిసింది ప్యానెళ్ల నుంచి ఎంత వచ్చింది, గ్రిడ్ వోల్టేజీ ఎంత, ఇవే. ఇల్లు ఎంత వాడిందో చెప్పాలంటే మెయిన్ వైరు చుట్టూ గాజులాగా ఒక చిన్న సెన్సర్ వేయాలి. సీటీ అంటారు. మాకు అది "ఫ్రీగా" వేశారు. నెట్ మీటరింగ్ ఉన్న మా ఇంట్లో దానికి వేరే పనేం లేదు.

దసరాకి వెళ్లినప్పుడు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ కట్టేయించి, ఆ గాజు తీయించాను. ఇన్వర్టర్ సెట్టింగుల్లో ఒక ఆప్షన్ మార్చాలి, లేకపోతే మీటరు కనబడట్లేదని గోల చేస్తుంది. పసుపు గీత ఉంచాం. ఊళ్లో వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్ ట్రిప్ అయితే తెలుస్తుంది, ప్యానెళ్లకి దుమ్ము పడితే తెలుస్తుంది. సర్వీసు వాళ్లకీ అదే చాలు. నీలం గీత ఎందుకు పోయిందని వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి చేయలేదు.

ఇంతటితో అయిపోయిందని కాదు. స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి, 15 నిమిషాలకో 30 నిమిషాలకో ఒక లెక్క రాసుకునేవి. వాటికి తీసేయడానికి గాజు ఉండదు. అమెరికాలో నేపర్‌విల్ అనే ఊళ్లో జనం దీని మీద కోర్టుకెళ్లారు. 15 నిమిషాలకోసారి రీడింగ్ తీయడమంటే ఇంటిని సోదా చేయడమేనని 2018లో అప్పీలు కోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుని, అయినా ఈ సోదా సమంజసమేనంది. లెక్క ఇంకా దగ్గర దగ్గరగా తీసినా, పోలీసుల చేతికి సులువుగా వెళ్లినా తీర్పు వేరుగా ఉండొచ్చని కూడా చెప్పింది. మన దగ్గర మీటర్ ఎన్ని నిమిషాలకి రాసుకుంటుంది, ఎన్నాళ్లు ఉంచుతుంది, ఎవరు చూడొచ్చు అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. బిల్లు ఎక్కువొచ్చిందన్న గోలలో ఇవి వినబడట్లేదు.

నాన్నగారు ఇప్పుడు రోజూ సాయంత్రం నెట్ మీటర్ దగ్గరికెళ్లి, లోపలికి వచ్చిందెంత, బయటికి పోయిందెంత చూసి, క్యాలెండర్‌లో ఆ తారీఖు గడిలో పెన్సిల్‌తో రాసుకుంటున్నారట. మొన్న ఫోన్‌లో, ఈ నెల ఎంతొచ్చింది నాన్నగారూ అని అడిగాను.

"బాగానే వచ్చిందిలే" అన్నారు.

వెనకాల ఏసీ చప్పుడు వినబడింది.