పూలు వెయ్యని పూల వాసన

కాఫీ సంచుల మీద చిన్న అక్షరాలతో ఉండే రుచుల వివరాల్ని తెలుగు చేసిపెట్టడం నేను చేసే చిల్లర పనుల్లో ఒకటి. డబ్బులు పెద్దగా రావు గానీ సరదాగా ఉంటుంది. పోయిన డిసెంబర్‌లో ఒక అరకు కాఫీకి వచ్చిన కాగితంలో మూడే మాటలున్నాయి: జాస్మిన్, పీచ్, బ్లాక్ టీ. పీచ్‌ని పీచ్ అనే ఉంచేశాను, మనకి లేని పండుకి పేరెక్కణ్ణుంచి తెస్తాం. బ్లాక్ టీ అంటే పాలు పొయ్యని టీ, అదీ అయిపోయింది. జాస్మిన్ దగ్గర మాత్రం రెండు రోజులు కూచున్నాను.

మల్లె అని రాస్తే వేసవి సాయంత్రం, తడిగుడ్డలో చుట్టిన మూర, రాత్రికి తలనొప్పి. సన్నజాజి అంటే ఇంకా పల్చన, గేటు తియ్యగానే పందిరి మీంచి వచ్చి పోయేది. విరజాజి వేరు, మొల్ల వేరు. ఇంగ్లిష్‌కి ఇవన్నీ ఒకటే మాట. తెలుగులో ఏదో ఒకటి రాయాలంటే ఏ పువ్వో ముందు తేల్చుకోవాలి. కాగితం రాసినవాళ్ళని అడిగితే "జనరల్‌గా జాస్మినండీ" అన్నారు. జనరల్‌గా పూసే పువ్వు ఎక్కడుంటుంది?

కాఫీ రుచి చూడటం వృత్తిగా ఉన్నవాళ్ళ దగ్గర ఒక చక్రం ఉంటుంది. అమెరికాలోని స్పెషాలిటీ కాఫీ సంఘం 1995లో వేయించిన రంగుల బొమ్మ అది, 2016లో మళ్ళీ గీశారు. పళ్ళు, గింజలు, మసాలాలు, పులుపులు, చివరికి రబ్బరు, పెట్రోలు కూడా అందులో ఉంటాయి. పూల గడి చూస్తే మూడే పేర్లు: చమోమిల్, గులాబీ, జాస్మిన్. వాటిని ఆనుకుని బ్లాక్ టీ. 2004లో పనామా వేలంలో గెయిషా అనే రకం రికార్డు ధర పలికింది, దాని పూల వాసన చూసే. అప్పట్నుంచి సంచి మీద ఒక పువ్వు పేరుంటే విలువ పెరుగుతుందని అందరికీ తెలిసిపోయింది. ఆ చక్రంలో కాఫీ పువ్వు లేదు. ఇది నాకు అప్పటికి తట్టలేదు.

నా తిప్పలు విని, చిప్పుల కంపెనీ పని మీద తైవాన్ వెళ్ళొచ్చిన స్నేహితురాలు ఒక టీ పొట్లం ఇచ్చింది. "ఇందులో పువ్వు లేదు, ఉత్త ఆకే. తాగి చెప్పు, జాస్మినో కాదో" అంది. బావ్‌జోంగ్ దాని పేరు. పొట్లం కట్టినది అని అర్థమట, ఒకప్పుడు కాగితంలో చుట్టి అమ్మేవాళ్ళు గనక. తైపే పక్కన పింగ్లిన్ కొండల్లో చేస్తారు. ఊలాంగ్ జాతి టీలన్నిటిలో ఆక్సీకరణం చాలా తక్కువ జరిగే రకం ఇది, పది శాతం అటూ ఇటూ. చైనా హోటళ్ళలో ఇచ్చే జాస్మిన్ టీతో దీన్ని కలపకండి. అక్కడ ఆకు మీద నిజంగానే పూలు పరిచి, ఆ వాసన పట్టిస్తారు. ఇక్కడ ఆకుదే వాసన.

ఆక్సీకరణం అనగానే రసాయనశాస్త్రం పుస్తకం గుర్తొచ్చేవాళ్ళకి వంకాయ చాలు. కోసిన ముక్క ఉప్పు నీళ్ళలో వెయ్యకపోతే కనరెక్కుతుందని అమ్మ అరుస్తుంది కదా, అదే ఇది. ఆకు నలిగినచోట గాలి తగిలి, లోపలున్న ఎంజైమ్ పనిచేసి, రంగూ రుచీ మారతాయి. కోసిన ఆకుని వెంటనే వేడిచేసి ఆ ఎంజైమ్‌ని చంపేస్తే గ్రీన్ టీ. పూర్తిగా కనరెక్కనిస్తే మన టీ. మధ్యలో, ఎక్కీ ఎక్కకముందే ఆపేస్తే ఊలాంగ్. ఒకటే మొక్క, ఒకటే ఆకు, ఎక్కడ ఆపావన్నదే తేడా.

ఆపడం చాలా కష్టం. ఆకుని కాసేపు ఎండలో, తర్వాత నీడలో వాడనిస్తారు. వెదురు చాటల్లో పోసి చేతులతో మెల్లగా ఎగరేస్తారు, ఆరబెడతారు, గంటో రెండు గంటలో ఆగి మళ్ళీ ఎగరేస్తారు. రాత్రి బాగా పొద్దుపోయేదాకా ఇదే. చాటకి తగిలి ఆకు అంచులు మాత్రం నలుగుతాయి, మధ్యభాగం పచ్చగానే ఉంటుంది. కొమ్మ నుంచి తెంపినా ఆకు ఇంకా బతికే ఉంది. తనని ఎవరో కొరుకుతున్నారనుకుని ఏవో వాసనలు తయారుచెయ్యడం మొదలుపెడుతుంది: నెరోలిడాల్, జాస్మిన్ లాక్టోన్, ఇండోల్. మల్లెపువ్వు వాసనలోనూ ఇండోల్ ఉంటుంది, మోతాదు మించితే అదే కంపు కొడుతుంది. మొదట్లో గడ్డి వాసన, తర్వాత పచ్చి వాసన తగ్గి పువ్వు మొదలవుతుంది. టీ చేసేవాడు చాటలో ముక్కు పెట్టి, ఇక చాలు అనుకున్నప్పుడు వేడి బాణలిలో వేసేస్తాడు. గడియారం సాయం చేస్తుందేమో గానీ నిర్ణయం ముక్కుదే.

విశాఖలో దీన్ని రెండుసార్లు కాచాను. క్యాన్ నీళ్ళతో చప్పగా వచ్చింది. వడగట్టీ వడగట్టీ ఖనిజాలన్నీ తీసేసిన నీళ్ళలో టీ నిలబడదు. జనవరిలో, తోట చూడకుండా సంచి మీద మాట రాయలేనని చెప్పి కిరండూల్ పాసింజర్ ఎక్కినప్పుడు ఆ పొట్లాన్ని కూడా సంచిలో వేసుకున్నాను.

నేనున్నది డుంబ్రిగూడ మండలంలో ఒక ఊళ్ళో, రెండెకరాల కాఫీ తోట ఉన్న అక్క ఇంట్లో. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ. పండు కోత ఆఖరికొచ్చింది. ఈ కనుమల్లోకి కాఫీ 1898లో వచ్చింది, బ్రాడీ అనే ఇంగ్లిష్ అధికారి తూర్పుగోదావరి పాములేరు లోయలో వేయించాడు. అటవీ శాఖ, ఐటీడీఏ, కాఫీ బోర్డు, సహకార సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి దాన్ని ఇక్కడిదాకా తెచ్చాయి. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవన్నీ నేను అక్కకి చెప్పబోతే "మాకూ సెప్పారు మీటింగులో" అంది.

ఆ ఇంటికి కొండ ఊట నీళ్ళు పైపులో వస్తాయి. పొయ్యి మీద గిన్నె పెట్టాం. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్ళు నూరు డిగ్రీల దాకా పోవు, 97 దగ్గరే మరిగిపోతాయి. ఇలాంటి లేత టీకి ఇది మేలే. మరిగాక ఒక నిమిషం ఆగితే చాలు, థర్మామీటర్ అక్కర్లేదు. చైనా వాళ్ళు వాడే మూత కప్పు నా దగ్గర లేదు. స్టీలు గ్లాసు, మీద ఒక పళ్ళెం, ఇంకో గ్లాసులోకి వంచడానికి టీ వడగట్టు. నూట ఇరవై మిల్లీలీటర్ల నీళ్ళకి అయిదు గ్రాముల ఆకు. చూడ్డానికి గ్లాసులో సగం ఆకే ఉంటుంది, పిసినారి చెయ్యి ఇక్కడ పనికిరాదు. ముందు వేణ్ణీళ్ళతో గ్లాసుని వేడిచేసి పారబోసి, ఆ వేడిలో ఎండు ఆకు వేసి మూతపెట్టి ఒకసారి ఊపితే సగం వాసన అప్పుడే చెప్పేస్తుంది. తర్వాత నీళ్ళు పోసి, నలభై సెకన్లకి వంచెయ్యాలి. చుక్క కూడా మిగల్చకూడదు, మిగిలితే ఆకు అందులో నాని తర్వాతి విడత వగరెక్కుతుంది.

"ఇందులో పాలెయ్యరా?" అంది అక్క.

"వెయ్యరక్కా."

"పంచదార?"

"ఊఁహూఁ."

"జొరమొచ్చినోలికి ఇచ్చే నీల్లలాగున్నాయి."

రంగు చూస్తే అలాగే ఉంది మరి, లేత నిమ్మ పసుపు. మొదటి గ్లాసులో నాకు ముందు పసరు వాసన తెలిసింది, తుంచిన చిక్కుడు తీగ లాంటిది. దాని వెనక పువ్వు. మల్లె కాదు, అంత బరువు లేదు. సన్నజాజి అనబోయాను గానీ అడుగున ఒక వెన్న లాంటి కమ్మదనం ఉంది, సన్నజాజికి అది ఉండదు. సింహాచలం మెట్ల దగ్గర కొన్న సంపెంగ, చెంగున కట్టుకుని మధ్యాహ్నానికి విప్పితే వచ్చేది కొంచెం దగ్గర. ఇలా ఒక్కో పువ్వునీ తీసి పక్కన పెడుతుంటే, అక్క గ్లాసు ముట్టుకోకుండా పళ్ళెం మాత్రం ఎత్తి దాని అడుగు వాసన చూసింది. మామూలుగా టీ రుచి చూసేవాళ్ళు చేసేది సరిగ్గా అదే, మూత వాసన చూడటం. ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఇది కాపీ పూత వాసన కదేటి," అంది.

నేను కాఫీ పూత ఎప్పుడూ చూడలేదు. అడిగితే చెప్పింది. మార్చిలోనో ఏప్రిల్‌లోనో వాన పడితే, ఎనిమిది తొమ్మిది రోజులకి తోటంతా ఒక్కసారే తెల్లగా పూస్తుంది. తెల్లారగట్ల లోపలికెళ్తే వాసన చీరకి పట్టేస్తుంది, తేనెటీగలు చెవుల్లో మోగుతుంటాయి. మూడో రోజుకి పువ్వు గోధుమరంగుకి తిరిగిపోతుంది. ఆ పూత చూసి ఆ ఏడు పంట ఎంతో లెక్కేసుకుంటారు, పూత మీద పెద్ద వాన పడితే లెక్క తప్పుతుంది. చెబుతున్నంతసేపూ పళ్ళెం చేతిలోనే ఉంది. ఇన్నాళ్ళూ నేను పువ్వు కోసం ఇంటి పెరడూ గుడి మెట్లూ వెతుకుతున్నాను. ఆమెకి ఆ వాసన సొగసు కాదు, వచ్చే ఏడాది బియ్యం.

రెండో విడత ముప్ఫై సెకన్లు, మూడోది యాభై. రెండోదే బాగుంది, పసరు పోయి కమ్మదనం పైకొచ్చింది, మింగాక గొంతులో తీపి నిలబడింది. నాలుగోదానికి పువ్వు వెళ్ళిపోయి కాస్త వగరు మిగిలింది. అయిదోది నేనొక్కదాన్నే తాగాను. అప్పటికే అక్క తన టీ పెట్టేసుకుంది: డస్టు పొడి, పంచదార, బాగా మరిగించి. ఆ ఇంట్లో కాఫీ కాయరు. పండు కోసి కిలోల లెక్కన ఇచ్చేస్తారు, పొడి అంగట్లో కొనాలంటే టీ కంటే ఖరీదు. దీన్ని ఘోరం అనాలో మామూలు అనాలో నాకు తెలీదు, కాఫీ పండించే చాలా దేశాల్లో ఇలాగే ఉంటుంది. కానీ రుచి చక్రంలో మూడు పువ్వులే ఎందుకున్నాయో అక్కడ కూచుంటే కొంత అర్థమైంది. తాగేవాళ్ళు తమకి తెలిసిన పూల పేర్లు పెట్టుకున్నారు.

టీకి ఈ కనుమలతో ఇంకో పాత లెక్క ఉంది. అస్సాంలో టీ తోటలు పెరిగిన రోజుల్లో కూలీలు కావలసొచ్చి గుత్తేదార్లు తూర్పు కొండల మీదకి వచ్చారు. గంజాం వైపు సవరలు అలా వెళ్ళినవాళ్ళలో ఉన్నారు, తెలుగువాళ్ళూ వెళ్ళారు. వాళ్ళ పిల్లల పిల్లలు అక్కడి టీ తెగల జాబితాలో సవర, తెలంగ అన్న పేర్లతో ఇప్పటికీ ఉన్నారు. 1930ల్లో అస్సాంలోనే సీటీసీ మిషను వచ్చింది, ఆకుని నలిపి చింపి ఉండలు చేసేది. అక్క గ్లాసులో ఉన్న పొడి అలాంటి మిషనులోంచి వచ్చిందే. చాటలో అంచులు మాత్రం నలిగిన ఆకు ఒక గ్లాసులో, పూర్తిగా నలిగింది ఇంకో గ్లాసులో, రెండూ ఒకే అరుగు మీద. అక్క టీ కూడా తాగాను. చలికి అదే బాగుంది, అబద్ధమెందుకు.

విశాఖ తిరిగొచ్చాక కాగితంలో జాస్మిన్ కొట్టేసి "కాఫీ పూత" అని రాసి పంపాను. కారణం రెండు పేరాల్లో వివరించాను. "చాలా బావుందండీ, కానీ కాఫీలో కాఫీ పూల వాసన అంటే జనానికి వింతగా ఉండదా? పైగా ఎవరూ చూసుండరు కదా" అని జవాబొచ్చింది. పీచ్ మాత్రం ఎంతమంది చూశారని అడిగాను. మర్యాదగా నవ్వు బొమ్మ పంపారు. సంచి మీద చివరికి తెలుగు అక్షరాల్లో జాస్మిన్ అనే అచ్చయింది. వెనకవైపు తోట గురించి రాసే నాలుగు వాక్యాల్లో ఒకదాంట్లో పూత సంగతి ఉంచారు, వాసన మాట తీసేసి.

ఫిబ్రవరిలో అక్క ఫోన్ చేసింది, మిరియాల ధర గురించి. మాటల్లో అడిగింది, ఆ టీ చెట్టుకి కూడా పూత వస్తుందా అని. వస్తుంది, చలికాలం ముందర, తెల్లటి రేకులు, మధ్యలో పచ్చటి కేసరాలు. కాకపోతే తోటల్లో ఎప్పటికప్పుడు కత్తిరిస్తుంటారు కాబట్టి పెద్దగా పుయ్యనివ్వరని చెప్పి ఫొటో పంపాను.

"పుయ్యనివ్వరా?" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, వాన పడిన రోజు ఫోన్ చేస్తాననీ, ఎనిమిదో రోజుకి వచ్చెయ్యమనీ చెప్పింది.

పొట్లంలో ఇంకా రెండు విడతలకి సరిపడా ఆకు ఉంది. దాన్ని గాలి చొరని డబ్బాలో పెట్టాను. మార్చి సగం అయింది, అక్కడ ఇంకా వాన పడలేదు.