బండికి ఏది భూషణము?

జీపు కొనుక్కొని కొండలకును డొంకదారులకును విహారమేగుట మన ప్రాంతమున గూడ నొక వేడుక యైనది. కొన్న మఱునాటి నుండియే దానికి ఇనుప బంపర్లు, దీపముల వరుసలు, పెద్ద టైర్లు తగిలించుట మఱియొక వేడుక. ఏ సామాను కొనవలయునో నిర్ణయించువారు తఱచుగా పురుషులు. వెనుక కూర్చుండి కుదుపు లనుభవించువారు స్త్రీలును, పిల్లలును, వృద్ధులును. కావున నీ విషయమున మన మభిప్రాయము చెప్పుట అధికప్రసంగము కాదని తలచి, మా యింట జరిగిన విచారణను సోదరీమణుల కెఱిగించుచున్నాము.

నరసరావుపేట చెంత నున్న కోటప్పకొండ తిరునాళ్ళను మీలో పెక్కుమంది చూచియే యుందురు. మహాశివరాత్రికి చుట్టుపట్ల గ్రామములవారు తాటిచెట్టును మించిన ప్రభలను గట్టి, విద్యుద్దీపములతో నలంకరించి, త్రికోటేశ్వరస్వామి సన్నిధికి తెత్తురు. మన అమ్మమ్మలు ఆ తిరునాళ్ళకే గూడుబండ్లలో పోయెడివారు. ప్రభ దేవుని మ్రొక్కుబడి. దానికి శోభయే ప్రయోజనము. గూడుబండి మనుష్యులది, దాని సింగారమంతయు అడుగున పఱచిన వరిగడ్డి, పైన బొంత, ఇరుసునకు కందెన, వెనుక నొక మోకు, నీళ్ళకడవ. ఈ రెంటికిని గల భేదము మన పెద్దలకు చక్కగా తెలియును. నేడు మనవారు గూడుబండిగా నుండవలసిన జీపును ప్రభగా మార్చుచున్నారు. మా ఫిర్యాదంతయు నిదియే.

మాది పత్తియు మిరపయు పండించు కుటుంబము. మా నేల నల్లరేగడి. వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, వాన పడినంతనే ఉబ్బి, చక్రములకు ముద్దలుగా నంటుకొనునది. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యముకొఱకు 1941లో పెద్దయెత్తున తయారు కాసాగిన జీపు ఇట్టి నేలకు తగిన బండియే. మా మరది 2020లో వెలువడిన రకపు థార్ జీపును కొనెను. అది నేలకు 226 మిల్లీమీటర్ల యెత్తున నడచును. నాలుగు చక్రములకును బలము నందించు గేరు మేము కొన్నదానికి కర్మాగారమునందే యమర్చబడినది. పొలమునకు పోవుటకును, సెలవులలో గుత్తికొండ బిలమునకో, కొండవీటికో, భైరవకోనకో పోవుటకును ఇంతకంటె నేమి కావలయును?

అయినను మా మరది యొక జాబితా తెచ్చెను. అది 2025వ సంవత్సరము. మిర్చి ధర కుప్పకూలగా, కేంద్రప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయల ధరను ప్రకటించిన యేడు. గుంటూరు యార్డునకు టిక్కీలు తోలిన ప్రతి యింటికిని ఆ యేడు జ్ఞాపకముండును. జాబితాలో బండి నెత్తుచేయు సామాను, వెడల్పు టైర్లు, ఇనుప బంపరు, వించి యనెడి లాగుడు యంత్రము, కప్పుమీది చట్రము, దీపముల వరుస, ముక్కుగొట్టము కలవు. మా మిరపతోట కోతకూలి యంతయు గూర్చినను దాని ఖరీదునకు చాలదు.

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఉన్న జీపునే యిద్దఱు పట్టుకొన్నగాని యెక్కలేరు. ఆమె జాబితా నంతయు విని, "అబ్బాయీ, దాన్ని ఇంకా పైకి లేపితే నన్నెక్కించడానికి నిచ్చెన కూడా కొంటావా యేమిటి?" అని నవ్వుచు నడిగిరి. ఆ నవ్వులో నొక దిగులున్నదని మేము గ్రహించితిమి. బండి నాలుగంగుళములు లేచినచో మా విహారములలో ఆమెకు చోటు లేకుండును. అందుచేత నారాత్రి మేమును, మా తోడికోడలును, మరదియు కూర్చుండి జాబితాను ఒక్కొక్క వస్తువుగా పరిశీలించితిమి.

ఎత్తు పెరిగినకొలది బండి బరువు పైకి పోయి మలుపులలో తలక్రిందు లగు భయము హెచ్చును. కప్పుమీద సామాను కట్టుటయు నట్టిదే. బరువైన వస్తువులు క్రిందనే యుండవలయును; కుదుపునకు ఎగిరి పిల్లల తలలకు తగులకుండ తాడుతో బిగింపవలయును. ఇనుప బంపరు పాదచారులకు ప్రాణాంతకము. లోపలివారిని కాపాడు గాలిసంచులు సమయమునకు తెఱచుకొనుటకు గూడ నడ్డురావచ్చును. ఇట్టి వానిపై చర్య తీసికొనుమని కేంద్రప్రభుత్వము 2017లో రాష్ట్రములకు వ్రాసినది. బండి మూలలక్షణములను మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచుండగా, సుప్రీముకోర్టు 2019లో దానినే స్థిరపఱచెను.

వెడల్పు టైర్లు తొడిగినచో బ్రేకులకును ఇంజనునకును భారము. వేగము చూపు ముల్లు సైతము నిజము చెప్పదు. అసలు కొలతతోనే గరుకైన అచ్చు గల టైర్లు దొరకును. పాతవి అరిగినప్పుడు అవి కొనిన చాలును. ఇక తడిసిన రేగడిలో ఎంతటి టైరైనను ముద్దగట్టి నున్ననగును. వాన వెలిసిన తరువాత నేల ఆఱువఱకు ఆగుటయే దానికి మందు. ఆగక పోయినచో చిక్కుకొనుట యటుండ, మనము చేసిన గాడులు ఎండి గట్టిపడి, ఆ డొంకన పొలమునకు పోవు కూలిస్త్రీల కాళ్ళను మడతపెట్టును.

లాగుడు యంత్రమునకు కట్టుటకు చెట్టు కావలయును. మా పత్తిచేల నడుమ నంత బలమైన చెట్టేది? అక్కడొక తుమ్మ, ఇక్కడొక తుమ్మ. కాని ట్రాక్టరు లేని యూరు లేదు. గట్టి పట్టీ యొకటి, రెండు ఇనుప కొక్కెములు ఉన్న ట్రాక్టరు లాగివేయును. పట్టీని బండి చట్రమునకు బిగించిన కొక్కెమునకే తగిలింపవలయును. దాని నడుమ నొక బరువైన గోనెసంచి వేయవలయును. తెగినను ఎగిరి కొట్టకుండ నది పట్టియుంచును. పిల్లలను పట్టీ పొడవునకు రెట్టింపు దూరమున నిలుపుట తల్లుల పని.

ముక్కుగొట్టమును గూర్చి మా తోడికోడలు చెప్పిన మాట మఱువరానిది: "అది ఇంజనుకు ఊపిరినిస్తుంది గాని, లోపలున్న మనకివ్వదు." గుండ్లకమ్మ గాని, నాగులేరు గాని పొంగినప్పుడు రెండడుగుల పాఱునీరే బండిని తేల్చి యీడ్చుకొనిపోగలదు. నీరు తగ్గువఱకు ఒడ్డున కూర్చుండుటకు ఏ సామానును కొననక్కఱలేదు. దీపముల వరుస ఎదుటివాని కన్నులకు చీకట్లు గొలుపును. పగటివేళ బయలుదేఱి ప్రొద్దు గ్రుంకక మునుపు రోడ్డెక్కువారికి చేతిదీప మొకటి చాలును.

తుదకు మేము కొన్నవి యివి: ఎక్కుటకు అనువైన మెట్టు, లోపల పట్టుకొను పిడి, లాగుడు పట్టీ, కొక్కెములు, గాలిపంపు, గాలికొలత, పంక్చరు సామాను, ప్రథమచికిత్స పెట్టె. పత్తి పీకిన చేల గట్లవెంట మిగిలిన మోళ్ళు టైరులోనికి మేకులవలె దిగును. కావున పంక్చరు సామాను మా ప్రాంతమున మిక్కిలి ముఖ్యము. మెత్తని నేలపై టైరులో గాలి కొంత తగ్గించిన నది వెడల్పై దిగబడక నడచును. రోడ్డెక్కక మునుపు మరల నింపుటకు పంపుండవలయును. పాఱ, పాత మిరపగోనెలు, మంచినీళ్ళ డబ్బా ఇంటిలోనివే. చక్రము దిగబడినప్పుడు దాని ముందు గోనెయో, పత్తికట్టెయో వేసిన పట్టు దొరకును. వీనికైన ఖరీదు మొదటి జాబితాలో పదవవంతైనను లేదు. కోతకూలీలకు కూలి నిలువ బెట్టకుండ ముట్టినది.

మొదటి రెండు నాళ్ళు మా మరది ముఖము చిన్నబోయినది. తన స్నేహితుల బండ్లయెదుట మా బండి బోసిగా నున్నదని అతని బాధ. ఆ కార్తికమున గుత్తికొండకు పోవునప్పుడు అత్తగారు మెట్టుమీద కాలుంచి, పిడి పట్టుకొని, ఎవరి చేయియు నందుకొనకయే యెక్కి ముందుసీటున కూర్చుండిరి. దారిలో పంక్చరైన చక్రమును మేమును తోడికోడలును గలిసి మార్చితిమి. అటుపిమ్మట జాబితా మాట మరల రాలేదు.

సోదరీమణులారా! మీ యింట బండికి సామాను కొనునప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేయుడు. దీనివలన ఎక్కువారికి సుఖమా? చిక్కుకొన్నప్పుడు పనికివచ్చునా? దీని బరువెంత, అది ఎక్కడ పడును? చట్ట మొప్పునా? నాలుగింటికిని సమాధానము బాగున్నచో నిశ్చింతగా కొనుడు. కొన్నవానిని వాడుట మాత్రము మీరును నేర్చుకొనుడు. చక్రము విప్పుట, పట్టీ తగిలించుట, గాలి కొలుచుట వంటకన్న కష్టమైన విద్యలు కావు. ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని, క్షేమముగా తిరిగి గుమ్మము చేర్చుటయే బండికి భూషణము.