పాత కారు, శ్రీమతి తలనొప్పి

రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ అరుగుదల వంటి విషయాలు తప్ప మరొకటి రాయని నేను ఈసారి ఒక పాత కారు గురించి రాస్తున్నాను. ఆరోగ్యానికీ పాత కారుకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. అది తెలుసుకోవడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నా ఆలస్యానికి ఫలితం అనుభవించినది నా శ్రీమతి.

ముప్పై మూడేళ్ళ ప్రభుత్వ సర్వీసులో నేను నడిపినవి ఒక బజాజ్ చేతక్, ఒక మారుతి 800, చివరి రోజుల్లో ఒక చిన్న కారు. పెద్ద కార్లలో తిరిగేవారికి వైద్యం చేశానే గాని నేనెన్నడూ వాటిలో తిరిగినవాణ్ణి కాను. 2022లో, దసరాకు కొద్ది రోజుల ముందు, గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఒక పాత పేషెంటు తన కారు అమ్మేస్తున్నానని చెప్పారు. అది 2011 నాటి బండి. రెండున్నర లీటర్లకు దగ్గరైన పెట్రోలు ఇంజను, ఆటోమేటిక్ గేర్లు, తోలు సీట్లు. ఆ రోజుల్లో అకార్డ్, క్యామ్రీ, సూపర్బ్ అంటూ కంపెనీ డైరెక్టర్లూ పెద్ద కాంట్రాక్టర్లూ కొనుక్కున్న తరగతికి చెందినది. అది ఏ కంపెనీదో చెప్పను. చెబితే కొందరికి ప్రచారంగానూ మరికొందరికి నిందగానూ తోచవచ్చు. కొత్తలో ఇరవై లక్షలకు అటూ ఇటూగా పలికిన ఆ బండిని నాకు రెండు లక్షల నలభై వేలకు ఇచ్చారు. మీటరు మీద 1,84,000 కిలోమీటర్లు ఉన్నాయి.

“ఈ వయసులో ఇదేం సరదా నాన్నా?” అన్నాడు హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి. సరదా మాట నిజమే, కాదనను. అయితే ఆ అంకె నన్ను భయపెట్టలేదు. ఓపీ చీటీ మీద రాసిన వయసును బట్టి మనిషి ఆరోగ్యాన్ని అంచనా వేయరాదని నాకు సర్వీసు నేర్పింది. డెబ్బై అయిదేళ్ళ రైతు గుండె, యాభై ఏళ్ళ గుమాస్తా గుండె కంటే గట్టిగా ఉండడం ఎన్నిసార్లు చూడలేదు! ఈ బండి తిరిగిన కిలోమీటర్లలో ఎక్కువ భాగం గుంటూరు, హైదరాబాదుల మధ్య హైవే మీద తిరిగినవి. ఊరిలో ఆగుతూ కదులుతూ తిరిగిన యాభై వేల కంటే హైవే మీది లక్ష ఇంజనుకు సుఖం. పైగా ఆయన మొదటి యజమాని; ప్రతి సర్వీసు బిల్లూ తేదీతో, మీటరు రీడింగుతో సహా ఒక ఫైలులో దాచారు. వైద్యుడికి అంతకంటే ఇష్టమైన వస్తువు ఉంటుందా? మీరు పాత బండి కొనేటప్పుడు తక్కువ కిలోమీటర్లకు మురిసిపోకండి. మీటరు నలభై వేలు చూపిస్తూ, బ్రేకు పెడలు రబ్బరు అరిగి నున్నబడి, డ్రైవరు సీటు అంచు నలిగిపోయి ఉంటే, ఆ మీటరును ఎవరో వెనక్కి తిప్పారన్నమాట.

కాగితాల పని త్వరగానే ముగిసింది: ఫారం 29, ఫారం 30, ఆర్సీ బదిలీ, పధ్నాలుగు రోజుల్లోగా ఇన్సూరెన్సు మార్పు. అసలు ఖర్చు ఆ తరువాత మొదలైంది. ఇటువంటి బండ్లకు పడిపోయేది బండి ధరే గాని విడిభాగాల ధర కాదన్న సత్యం మొదటి ఏడాదిలోనే బోధపడింది. నాలుగు టైర్లు, బ్యాటరీ, గేర్ ఆయిల్, ముందు చక్రాల దగ్గర బుష్‌లు కలిపి లక్షా పదివేలయింది. ఊరిలో లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇస్తే గొప్ప. టైర్ల సంగతి ఒక్క మాట చెప్పాలి. గాడులు లోతుగానే ఉన్నాయి కదా అని నేను వాటిని ఉంచేయబోయాను. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. నిలిచి ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. అలాగే తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లోపం కనబడకుండా దీపాన్నే తీసేసి ఉండవచ్చునని అనుమానించండి.

ఇంత జాగ్రత్తగా చూసినవాడు తరువాత ఏమి చేశాడో వినండి.

2024 అక్టోబరులో నా శ్రీమతికి ఎడమ మోకాలి కీలు మార్పిడి జరిగింది. ఫిజియోథెరపీకి మంగళ, శుక్రవారాల్లో గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళేవాళ్ళం. ఈ తరగతి కార్లలో సీటు సుఖంగా ఉంటుంది గాని కిందికి ఉంటుంది. మోకాలి నొప్పి ఉన్నవారికి అది ఇబ్బంది. గట్టి దిండు వేసి సీటును ఎత్తుచేసి, ముందు వెనక్కి తిరిగి కూర్చుని, ఆ తరువాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవడం అలవాటు చేశాము. అంతవరకు నా వైద్యం సవ్యంగానే ఉంది.

డిసెంబరు మొదట్లో ఆమె తలనొప్పి అనడం మొదలుపెట్టింది. నుదురంతా బిగదీసినట్లు ఉంటుందని, కడుపులో తిప్పుతుందని చెప్పేది. ఇంటికి వచ్చి పడుకుంటే సాయంత్రానికి తగ్గేది. “ఏమండీ, బండిలో ఏదో వాసన వస్తోంది” అని రెండు మూడుసార్లు అంది. నాకు ఏ వాసనా తెలియలేదు. మిర్చి వ్యాపారి బండి కదా, కొన్న కొత్తలో డిక్కీ తెరిస్తే తుమ్ములు వచ్చేవి. ఆ ఘాటే ఇంకా మిగిలిందన్నాను. వయసుతో పాటు ఘ్రాణశక్తి తగ్గుతుందని, తగ్గినట్లు ఆ మనిషికే తెలియదని నేను ఎందరికో చెప్పాను. నాకు డెబ్బై రెండు నిండాయన్న సంగతి మాత్రం ఆ సమయాన గుర్తు రాలేదు.

ఆ తరువాత నేను చేసిన వైద్యం ఇది. బీపీ చూస్తే 150/90 ఉంది. ఆమె వాడుతున్న ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెంచాను. మెడ ఎక్స్‌రే తీయిస్తే ఎముకల అరుగుదల కనిపించింది. అరవై ఎనిమిదేళ్ళ మెడలో అది కనిపించకపోతేనే వింత. దానికీ ఒక మాత్ర. కళ్ళజోడు మార్పించాను. ఇంతలో పాదాలు వాచాయి. ఆపరేషన్ అయిన కాలు గనుక రక్తనాళంలో గడ్డ కట్టిందేమోనని భయపడి డాప్లర్ స్కాన్ చేయించాను. గడ్డ లేదు. రెండు పాదాలూ సమానంగా వాచాయని, అది నేను రెట్టింపు చేసిన మాత్ర ప్రభావమని వారం తరువాత గాని నాకు తట్టలేదు. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరు ఆమె వేలికి పెట్టి చూస్తే 98 చూపించింది. ఊపిరితిత్తులకు ఢోకా లేదని నిశ్చింతగా ఉన్నాను. నాకూ కొద్దిగా తల బరువుగా ఉండేది. అది ఎదురుగా వచ్చే లారీల దీపాల వల్ల అనుకున్నాను.

జనవరిలో ఒక ఉదయం బండి స్టార్టు చేయగానే “ఇంజనులో టక్ టక్ మంటోంది, మీకు వినబడడం లేదా?” అని అడిగింది. లేదు. నా ముక్కుతో పాటు చెవి కూడా పదవీ విరమణ చేసినట్లుంది. ఆ రోజు ఫిజియోథెరపీ అయ్యాక విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన బానెట్ తెరిచి విన్నాడు. వేడెక్కిన ఇంజనులో ఏ చప్పుడూ లేదు. “రాత్రికి బండి ఇక్కడే వదిలేయండి డాక్టరు గారూ, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వినాలి” అన్నాడు. రోగం ఉన్న వేళలోనే రోగిని చూడాలన్న నియమం నేను హౌస్ సర్జన్లకు బోధించినదే. ఆ రాత్రి పటమటలో మా మరదలి ఇంట్లో ఉన్నాము.

మరునాడు ఉదయం ఇద్దరమూ వెళ్ళాము. ఆయన ఇంజను స్టార్టు చేయించి, గుడ్డతో పొగగొట్టం చివర కాసేపు మూసి పట్టించి, ఇంజను వెనుక వైపు టార్చి వేశాడు. ఎగ్జాస్టు గొట్టం ఇంజనుకు కలిసే జాయింటు దగ్గర గాస్కెట్ కాలిపోయి, చుట్టూ నల్లటి మసి పట్టి ఉంది. లోహం చల్లగా ఉన్నప్పుడు సందు పెద్దదై చప్పుడు వస్తుంది. వేడెక్కి వ్యాకోచిస్తే చప్పుడు అణగుతుంది గాని వాయువు కారడం పూర్తిగా ఆగదు. అద్దం కింద, బానెట్ చివర ఉండవలసిన రబ్బరు బీడింగ్ ఎప్పుడో ఊడిపోయింది. అన్నీ చూసి తలెత్తి, నన్ను కాదు, నా శ్రీమతిని అడిగాడు: “అమ్మా, ఈ బండిలో కూర్చుంటే మీకు తలనొప్పి వస్తుందా?”

అదివరకు పొగ కారే వ్యాన్ల డ్రైవర్లు తనకు అలాగే చెప్పేవారట.

జాయింటులో కారిన వాయువు ఇంకా క్యాటలిటిక్ కన్వర్టర్ దాకా పోనిది, అంటే శుద్ధి కానిది. పెట్రోలు ఇంజను నుంచి వచ్చే అటువంటి వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు. మా ఆవిడ పసిగట్టినది దానితో కలిసి వచ్చిన తక్కిన పొగను. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ మీద కంటే దాని మీద రెండు వందల రెట్లకు పైగా మక్కువ. ఒకసారి పట్టుకుంటే తేలికగా వదలదు. మామూలు గాలి పీలుస్తూ ఉంటే అందులో సగం పోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. సాయంత్రానికి తలనొప్పి తగ్గడంలోని రహస్యం అదే. ఆపరేషన్ తరువాత ఆమె హిమోగ్లోబిన్ 10కి పడిపోయి ఉంది గనుక అదే గాలి నాకంటే ఆమెను ఎక్కువ బాధించింది. మరి ఆక్సీమీటరు? సాధారణ ఆక్సీమీటరు ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్‌కూ ఈ విషం పట్టిన హిమోగ్లోబిన్‌కూ తేడా చెప్పలేదు. మనిషి ప్రాణం మీదికి వచ్చినా 98 చూపించగలదు. ఇది నేను పుస్తకంలో చదువుకున్నదే.

ఇంకొక మాట ఒప్పుకోవాలి. వేసవిలో ఏసీ వేసుకుని లోపలి గాలే తిరిగేటట్లు పెట్టుకునేవాళ్ళం. చలికాలం రాగానే ఏసీ కట్టేసి, అద్దాలు మూసి, బయటి గాలి వచ్చే మీట నేనే నొక్కాను. స్వచ్ఛమైన గాలి మంచిదన్నాను! ఆ గాలి ముందు అద్దం అడుగు నుంచి, అంటే బీడింగ్ ఊడిన ఆ చోటు నుంచి లోపలికి వచ్చేది. వారధి దాటాక ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో ఇంజను పొగ నేరుగా ఆమె ముఖానికి తగిలి ఉంటుంది. అదే గాలి పీలుస్తూ హైవే మీద నేను బండి నడిపాను. ఆ విషం తలనొప్పితో పాటు మగతనూ, తెలివి మందగించడాన్నీ తెస్తుంది. ఎదురు వచ్చేవారి అదృష్టం కూడా బాగుంది.

రక్తంలో ఆ విషం మోతాదు కొలిచే అదును అప్పటికే దాటిపోయింది. గాస్కెట్, బీడింగ్ మార్చాక ఆమెకు మళ్ళీ కారులో తలనొప్పి రాలేదు. నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. మాత్ర మళ్ళీ 5కి తగ్గించాను, మూడు వారాల్లో వాపు పోయింది. మరమ్మతుకు అయిన ఖర్చు డాప్లర్ స్కాన్ ఖర్చు కంటే తక్కువ. ఇంటికి తిరిగి వస్తూ ఆమె నన్ను ఏమీ అనలేదు. అద్దం మాత్రం పూర్తిగా దించి కూర్చుంది.

పాత బండి ఉన్న మీరు ఏడాదికి ఒకసారైనా, ఇంజను చల్లగా ఉన్న ఉదయం వేళ, ఎగ్జాస్టు గొట్టం మొదలు నుంచి చివరి దాకా చూపించుకోండి. బండిలో కూర్చున్నప్పుడు వచ్చి దిగాక తగ్గే తలనొప్పి, వికారం, తల తిరుగుడు ఉంటే, ముఖ్యంగా ఒకరికి మించి ఉంటే, మాత్రల కంటే ముందు బండిని అనుమానించండి. ఎవరైనా మగతగా కనిపిస్తే వెంటనే బండి ఆపి, దిగి, గాలిలోకి తీసుకువచ్చి ఆసుపత్రికి చేర్చి, ఆక్సిజన్ పెట్టమనండి. ఆక్సీమీటరు అంకె చూసి ఆగవద్దు. మూసిన షెడ్డులో ఇంజను నడపడం, ఆపిన కారులో ఏసీ వేసుకుని నిద్రపోవడం కొత్త బండిలోనైనా ప్రమాదమే.

బండి ఇప్పుడు 2,11,000 దాటింది. ఇప్పటికీ హైవే మీద అది వెళ్ళే తీరు చూస్తే నాకు ముచ్చటే. ఈ ఏడాదితో దాని రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు పూర్తవుతాయి. ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి మరో అయిదేళ్ళకు పొడిగించుకోవాలి. నా లైసెన్సు గడువూ ఈ ఏడాదే. దానికి ఫారం 1ఎ మీద వైద్యుడి సంతకం కావాలి. సర్వీసులో అటువంటి ఫారాలు వందల సంఖ్యలో సంతకం చేశాను. క్యూలో నిలబడ్డవారిలో ఎందరిని నిజంగా పరీక్షించానో చెప్పడానికి మనసు రావడం లేదు. నాది మాత్రం మరో వైద్యుడి దగ్గరకు వెళ్ళి, కళ్ళూ చెవులూ సరిగా చూసి రాయమని చెప్పదలచుకున్నాను. ఆ ఫారంలో ముక్కు గురించి ప్రశ్న లేదు.

“రెండింటిలో ఏది పొడిగిస్తున్నారు నాన్నా?” అని మొన్న అబ్బాయి ఫోనులో అడిగాడు. బండి సంగతి ఆటోనగర్ మెకానిక్‌ను, నా సంగతి వాళ్ళ అమ్మను అడగమన్నాను. మెకానిక్ పర్వాలేదన్నాడు. ఆవిడ ఇంకా ఏమీ చెప్పలేదు.