మైపాడు ఒడ్డున నాలుగు దెబ్బల తాళం

నెల్లూరు అనగానే మీకేం గుర్తొస్తుంది? చేపల పులుసు, మొలగొలుకులు... ఆ వెంటనే మన బాలు! హరికథా విద్వాంసులు సాంబమూర్తిగారి అబ్బాయి. ఈ ఊళ్లోని సొంతింటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసిన మనిషి. అలాంటి ఊరికి ఇంచుమించు పాతిక కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున, కుర్రకారును ఊపేస్తున్నది గొంతు కాదు సుమండీ... యంత్రం!

నెల్లూరులో బస్సెక్కి, ఇందుకూరుపేట మీదుగా మైపాడు వెళ్లండి. మొదట వరి మళ్లు, తర్వాత రొయ్యల గుంటలు. గుంటల్లో ఏరియేటర్ల చక్రాలు నీళ్లను ఒకే లయలో బాదుతుంటాయి. తాళం తప్పితే ఒట్టు!

నేను వెళ్లింది ఓ ఆదివారం సాయంత్రం. ఇసుక అంచున చిన్న ట్రక్కు, దానినిండా నల్లటి బాక్సులు. పాత సినిమా పాట, దాని కింద డబ్, డబ్, డబ్, డబ్... నాలుగు దెబ్బలూ సమానం. పాట మంచి పట్టులో ఉండగా ‘డీజే ఫలానా!’ అని ఒక అరుపు.

‘‘పాట మధ్యలో ఆ కేకెందుకయ్యా?’’ అన్నాను ఆపరేటరు కుర్రాడితో.

‘‘పేరు అరవకపోతే రేపు ఇంకోడు తన పేరేసుకుంటాడు నా!’’ అన్నాడు నవ్వుతూ.

మరి ఆ పాట రాసినవాడి పేరో? కట్టినవాడి పేరో? అడగబోయేలోగా అతనే ఒక పెన్‌డ్రైవ్ చూపించాడు. చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు తలా రెండు చేసి ఒకచోట చేర్చిన ముక్కలట. అందులో నాలుగింటిలో సినిమా పాటే లేదు. అచ్చంగా వీళ్ల సొంతం! ఫోన్లోనే చేశారట.

‘‘మరి వెయ్యవేం?’’

‘‘పెళ్లోళ్లు అడగరు నా. వాళ్లకి తెలిసిన పాట పడాల.’’

అసలు కష్టం అదీ! ఈ నాలుగు దెబ్బల సంగీతాన్ని ‘హౌస్’ అంటారు. 1977 నుంచి షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకిల్స్ అనే డీజే రికార్డులు తిప్పేవాడు. ఆ క్లబ్బు పేరులోని చివరి ముక్కే ఈ సంగీతానికి పేరయిందంటారు. డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ సొంత బాణీలు కట్టారు. 1988లో ఇంగ్లండులో వాళ్లవీ, వాళ్ల తోటివాళ్లవీ కలిపి ఒక సంకలనం వేశారు. ‘టెక్నో’ అనే పేరు ప్రపంచానికి తెలిసింది దాంతోనే. విడివిడిగా అయితే ఎవరు వినేవారు?

మనవాళ్లేం తక్కువ తిన్లేదు. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్, ‘డిస్కో డాన్సర్’ వచ్చిన 1982లోనే, జపాన్ రోలాండ్ కంపెనీ టీబీ-303, టీఆర్-808 యంత్రాలు ముందేసుకుని పది రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు ఇచ్చారు. అప్పుడు ఎవరూ కొనలేదు. 2010లో మళ్లీ విడుదలైతే విదేశాల వాళ్లు ‘అబ్బో!’ అన్నారు. 2015లో ఆయన కన్నుమూశారు. మెప్పు రావడానికి ఇరవై ఎనిమిదేళ్లు!

ఈ కథంతా చెప్పి, ‘‘ఒక్కటి వెయ్యి తమ్ముడూ’’ అన్నాను. రాత్రి పది దాటితే మైకులు కట్టెయ్యాలని రూలు. అప్పటికి టైము తొమ్మిదిన్నర. తటపటాయిస్తూనే నొక్కాడు. పలకల దెబ్బ, దాని వెనక బోటు ఇంజను చప్పుడు, అడుగున ఆ నాలుగు దెబ్బలు. పెద్దవాళ్లు ఐసుక్రీం బండి దగ్గరకు నడిచారు. ముగ్గురు పిల్లలు మాత్రం గంతులేశారు. వల సర్దుకుంటున్న ఒకాయన తలెత్తి, ‘‘ఇది మన ఇంజనే కదరా?’’ అన్నాడు. కుర్రాడి మొహం చూడాలి!

మీ ఇంట్లో పెళ్లో, మీ వీధిలో నిమజ్జనమో వస్తే డీజేని పిలుస్తారుగా? పది సినిమా పాటలు వేయించుకోండి, కాదనను. పదకొండోది మాత్రం, ‘‘నీ సొంతది వెయ్యి బాబూ’’ అని అడగండి. పెన్‌డ్రైవ్‌లో తప్పకుండా ఉంటుంది!